ప్రయోగశాలకు ఒక ఆటవస్తువు

జపానుకు చెందిన నింటెండో సంస్థ 2006లో విడుదల చేసిన ‘వీ’ అనే వీడియో ఆటల యంత్రాన్ని పెద్దలు కాలహరణ సాధనంగా ఎంచవచ్చు. మేము దానిని భౌతికశాస్త్ర పాఠంగా భావిస్తున్నాము. చేతిలో పట్టే రిమోటులో మూడు దిశల త్వరణాన్ని కొలిచే చిప్పు, దాని కొనలో పరారుణ కెమెరా ఉన్నవి. టీవీ వద్ద ఉంచే ‘సెన్సార్ బార్’ పేరుకే సెన్సారు. అందులో ఉన్నవి పరారుణ దీపాలు మాత్రమే. వాటికి బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించినా రిమోటు తన గురి తెలుసుకొనగలదు!

త్వరణాన్ని మేము నల్లబల్లపై సూత్రంగానే ఎరుగుదుము. అమీన్‌పూర్ చుట్టూ ఇన్ని కర్మాగారాలుండగా, ఒక్క యంత్రాన్నైనా విప్పి చూడకుండా పట్టా పుచ్చుకొనడం మాకు చిన్నతనంగా ఉన్నది. కమిటీవారు పాత వీ ఒకటి ఇప్పించినట్లయితే ఉర్దూ, తెలుగు మాధ్యమాల విద్యార్థులము ఒకే బల్ల చుట్టూ చేరి విప్పుతాము. దాని మరలకు మూడు రెక్కల స్క్రూడ్రైవరు కావాలి. అది మేమే కొనుక్కుంటాము.