విషాదాంతమూ, యుగవిశ్వాసమూ

గొప్ప విషాదాంత నాటకం కాలానికి అతీతమైనదని మన విమర్శలో ఒక మాట స్థిరపడిపోయినది. మానవహృదయం ఎక్కడైనా ఒకటే, దుఃఖం ఎప్పుడైనా ఒకటే, తక్కినదంతా వేషభాషల తేడా అని దాని తాత్పర్యం. వినడానికి ఉదాత్తంగా ఉన్న ఈ మాట నాటకాన్ని చదవకుండా మెచ్చుకోవడానికి మాత్రమే పనికివస్తుంది. దేనికి ఏడ్వాలో, ఎవరికోసం ఏడ్వాలో, ఎవరి కన్నీటిని చూడనట్టు ఊరకుండవచ్చునో నిర్ణయించేది ఆ యుగం నమ్మిన నమ్మకమే. తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి 'విషాద సారంగధర' దీనికి మంచి సాక్ష్యం.

కథ అందరికీ తెలిసినదే. పావురం కోసం సారంగధరుడు సవతితల్లి చిత్రాంగి మందిరంలో అడుగు పెట్టడం, ఆమె కోరడం, అతడు కాదనడం, ఆమె నేరం మోపడం, తండ్రి రాజరాజనరేంద్రుడు కొడుకు కాళ్లూ చేతులూ నరికించడం. ఈ కథనే పదునైదవ శతాబ్దిలో గౌరన 'నవనాథచరిత్ర'లో చెప్పినప్పుడు అది విషాదం కాలేదు. అంగహీనుడైన రాకుమారుడు సిద్ధుని అనుగ్రహం పొంది చౌరంగి అయినాడు. ఖండింపబడిన దేహమే యోగానికి ద్వారమని నమ్మిన లోకంలో ఆ కత్తివేటుకు ఏడ్వవలసిన పని లేదు. పంజాబులోని పూరన్ భగత్ కథలోనూ ఇంతే. సవతితల్లి లూణా, నరకబడిన కాళ్లుచేతులు, చివరకు గోరఖనాథుని కృప.

బళ్లారిలో వకీలుగా ఉండి, ఇంగ్లీషు చదువు చదివిన ఆచార్యులవారు ఆ కృపను తీసివేసి, దుఃఖాన్ని దుఃఖంగానే ముగించినారు. ఇది షేక్స్పియరు అనుకరణ అని కొందరు కొట్టివేస్తారు. మరికొందరు దేశాభిమానంతో భాసుని 'ఊరుభంగం' చూపి, మనకూ పూర్వప్రమాణం ఉన్నదంటారు. భాసనాటకాలు గణపతిశాస్త్రిగారికి దొరికినది 1909లో, అచ్చయినది 1912 నుంచి. ఆచార్యులవారు కీర్తిశేషులైనదీ ఆ 1912లోనే. చూడని గ్రంథాన్ని వారికి గురువుగా నిలబెట్టడం న్యాయం కాదు. అనుకరణవాదానికి సమాధానం వేరు. రూపాన్ని దిగుమతి చేసుకోవచ్చును గాని ప్రేక్షకుని కన్నీటిని దిగుమతి చేసుకోలేము. 1891లో సరసవినోదినీసభ మద్రాసులో ఆడిన నాటకాలు చూచి పమ్మల్ సంబంధ మొదలియారుగారు తమిళ రంగస్థలానికి తమ జీవితాన్ని అర్పించినారు. కచ్చేరీలలో సాక్ష్యమూ విచారణా చూడ మరిగిన ఆ చదువుకున్న తరానికి, సిద్ధుని వరం కంటె విచారణ లేని శిక్షయే ఎక్కువ నమ్మదగినదిగా తోచినది. అందుకే ఆ ముగింపు నిలిచినది.

యుగవిశ్వాసం దుఃఖాన్ని తయారు చేస్తుందంటే నమ్మని వారు, 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన ఈ పోర్ట్ బ్లెయిరుకు రావచ్చును. 1858 నుంచి ఇక్కడికి పంపబడిన ఖైదీలకు 'కాలాపానీ' అనే మాటలో శిక్ష సగం, నమ్మకం సగం. సముద్రం దాటితే కులం పోతుందన్న భయాన్ని కూడా ప్రభుత్వం తన శిక్షలో కలుపుకున్నది. ఆ నీటినే దాటి తరువాత శ్రీకాకుళం నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి స్థిరపడినవి. సముద్రం మారలేదు.

ఇక అసలు వివాదం. సవతితల్లి కథ పశ్చిమంలో కూడ పాతదే. క్రీ.పూ. 428లో యూరిపిడీస్ 'హిప్పోలిటస్'లో నేరం మొదట దేవత ఎఫ్రోడైటీది, ఫేద్రా ఆమె చేతి పనిముట్టు. 1677లో రాసీన్ అదే కథను ఎత్తుకున్నప్పుడు ఫేద్రా పూర్తిగా దోషి కాదు, పూర్తిగా నిర్దోషీ కాదన్నాడు. దైవకృప అందని మనస్సాక్షి వేదన ఆ నాటకం. అంతవరకు బాగున్నది. కాని అపనింద మోపే నీచకార్యం రాణికి తగదని, దానిని దాదికి అప్పగించినాడు. దాసికి నీచత్వం సహజమట! ముందుమాటలో తానే చెప్పుకున్నాడు. వేషభాషల తేడా అంటే ఇదేనా? దోషాన్ని ఎవరి నెత్తిన పెట్టాలో రాజసభ నమ్మకం తేల్చినది.

మన సారంగధరలో దేవతా లేదు, దాదీ లేదు. బరువంతా చిత్రాంగి మీద పడినది. విషాదం కొడుకుది, పశ్చాత్తాపం తండ్రిది. ప్రేక్షకుల జ్ఞాపకంలో ఆమె కాముకి మాత్రమే. ముసలిరాజుకు యౌవనవతిని కట్టబెట్టినదెవరని అడిగేవారు లేరు. విచిత్రమేమనగా, ఈ కథ జరిగినదని చెప్పే రాజమహేంద్రవరంలోనే 1881లో వీరేశలింగంగారు మొదటి వితంతువివాహం జరిపించినారు. ముసలి పెండ్లికొడుకును ఎగతాళి చేసిన 'కన్యాశుల్కం' 1892లో రంగమెక్కినది. అంటే ప్రశ్న ఆ యుగంలో లేకపోలేదు. హాస్యనాటకం అడుగగలిగినదానిని విషాదనాటకం అడుగలేకపోయినది. రాజుల కథ అనగానే పాత గౌరవం నోరు నొక్కినది. పైగా చిత్రాంగి పాత్రను ధరించినదీ పురుషుడే. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ పట్టుబట్టినది తరువాతి మాట.

ఆమెకు నోరిచ్చినవారు తరువాత వచ్చినారు. చలం 'చిత్రాంగి' వ్రాసినారు. 1965లో పంజాబీ కవి శివకుమార్ బటాలవీ 'లూణా' అనే కావ్యనాటకంలో నింద మోపిన స్త్రీని నడుమ నిలిపినాడు. 1967లో దానికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది. వీరు కాలాతీతులు అని మళ్లీ అనవద్దు. స్త్రీ కోరికను నేరం కాదనుకోవడం కూడా ఒక యుగవిశ్వాసమే. నాకు అది న్యాయమైన విశ్వాసమని తోస్తుంది, అది వేరే సంగతి.

ఇంత వాదం ఎందుకంటే, ఇట్టి పాతనాటకాలను హిందీలోకి తెచ్చేటప్పుడు, స్త్రీనింద ఉన్న మాటలను కొంచెం మెత్తబరచండి, నాటకం 'సార్వకాలికం' అవుతుందని సలహా చెప్పే మిత్రులున్నారు. మెత్తబరిస్తే తండ్రి తొందరపాటుకు కారణం మిగలదు. ఆడుదాని మాటా, ఆడుదాని కోరికా ఆనాడు ఎట్లా తూచబడినవో తెలియకపోతే ఆ కత్తివేటు కేవలం పిచ్చిపని. మాటలలోనే ఉన్నది చిక్కంతా. మన నాటకాలలో అడుగడుగునా వచ్చే 'విధి'నే తీసుకోండి. హిందీలో 'విధి' అంటే మొదట చట్టమో పద్ధతో గుర్తుకు వస్తుంది. 'భాగ్య' అంటే తియ్యబడిపోతుంది. 'కర్మఫల' అంటే నరకబడినవాడి మీదనే నేరం పడుతుంది. నేను 'హోనీ' అని వ్రాస్తున్నాను. అది పల్లెటూరి మాట, రాజు నోట ఇమడదని ఒక ఆక్షేపణ వచ్చినది. కొడుకును నరికించిన తరువాత రాజు ఏ భాషలో ఏడుస్తాడో ఆక్షేపకులు చెప్పలేదు.