రాళ్లెక్కు బొమ్మబండి

కరీంనగరమునకుఁ జేరువనున్న ఎలగందుల గుట్టవంటి రాళ్లపై రేడియోతో నడపు బొమ్మబండి నెక్కింపఁగోరు విద్యార్థులు కొందఱు మొదట పెద్ద మోటారుకే తలిదండ్రుల సొమ్ము వెచ్చింతురు. ఇది మాకు సమ్మతము గాదు. ముందుచక్రము రాతిసందున నిఱికినపుడు తఱచుగా విఱుగునది దానిని ప్రక్కలకుఁ ద్రిప్పు సర్వోలోని ప్లాస్టిక్ పళ్లచక్రము. మోటారు బలము పెరిగినకొలఁది ఇరుసులకును దెబ్బ హెచ్చును. కావున ముందుగా లోహపుఁ బళ్లుగల సర్వో నమర్పవలయును. పిమ్మట ముందుచక్రములలో నిత్తడి బరువు నుంచినచో ఏటవాలున బండి వెల్లకిలఁబడుట తగ్గును. పైకప్పున నుంచినచో ఫలము విపరీతము. ఎత్తెక్కునపుడు ఎడ్లబండివారు సరకును ముందునకు జరుపుట యిందులకే. బ్యాటరీని ముందునకును క్రిందికిని జరుపుటకు దమ్మిడీయైనను ఖర్చుగాదు. అందులకుఁ బూనుకొనువారు మాత్రము తక్కువ! ఇవన్నియుఁ జేసినను గుట్ట యెక్కనిచో, అప్పుడు మోటారు మాట.