చింపేసిన ఫోటోలో ఉన్నదెవరు?

పోయిన ఆదివారం మా వాడ పిల్లల్ని కూర్చోబెట్టి ల్యాప్‌టాప్‌లో 'కోకో' సినిమా వేశాను. పిక్సర్ వాళ్లు 2017లో తీసిన యానిమేషన్ సినిమా. పది నిమిషాలు కాకముందే ఒక పిల్లగాడు అడిగాడు: "అన్నా, ఈళ్లు చెప్పులు గుట్టెటోళ్లే గదా? మరి ఊరి నడుమ ఉంటున్రేంది?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు.

కథ మెక్సికోలో. మిగెల్‌కు 12 ఏళ్లు. వాళ్లది తరాలుగా బూట్లు కుట్టే ఇల్లు. పాట కోసం ఒకప్పుడు ఇంటాయన ఆలుబిడ్డల్ని వదిలి పోయాడని ఆ ఇంట్లో పాటే బంద్. పిల్లగాడికేమో ఎర్నెస్టో అనే సినిమా స్టార్‌లా వెలిగిపోవాలని ఆశ. అటక మీద దాక్కుని ఆ స్టార్ పాత సినిమాలు చూస్తూ గిటార్ నేర్చుకుంటాడు.

గమనించండి. మిగెల్‌ను ఆపేది వాళ్ల ఇల్లు, నాయనమ్మ చేతిలో చెప్పు. ఊరు ఆపదు, పుట్టుక ఆపదు. అక్కడ చెప్పులు కుట్టడం ఒక పని, అంతే. మా దగ్గర చెప్పు కుట్టిన చెయ్యే డప్పు కట్టింది, ఆ చెయ్యే దరువేసింది. ఊరికి చెప్పు కావాలి, డప్పు కావాలి. చెయ్యి మాత్రం అంటు.

ఇక అసలు సంగతి. ఎర్నెస్టో పాటలు ఎర్నెస్టోవి కావు. హెక్టర్ అనే దోస్తు రాసినవి. ఆ దోస్తుకు విషం పెట్టి పాటలూ గిటారూ ఎత్తుకుపోయాడు. పైగా ఆ విషం కథనే సినిమాలో సీన్ చేసుకుని, అందులో తానే హీరో అయ్యాడు! మన చావు కూడా వాళ్ల సినిమాలో వాళ్ల గొప్పతనమే అవుతుంది. మనకిది కొత్తా?

ఇంట్లో మిగిలిన హెక్టర్ ఫోటోలో తల భాగం చింపేసి ఉంటుంది. బతికున్నవాళ్లలో గుర్తుపెట్టుకునే ఆఖరి మనిషి కూడా మరిచిపోతే, చచ్చినవాడు మళ్లీ చస్తాడంటుంది సినిమా.

నాకు పి.కె. రోజీ గుర్తొచ్చింది. మలయాళ తొలి కథాచిత్రం 'విగతకుమారన్'లో నాయర్ స్త్రీగా నటించిన దళిత స్త్రీ. ఆ ఒక్క పాత్రకే అగ్రకులాల వాళ్లు ఆమెను ఊరొదిలి పారిపోయేలా చేశారు. ఆ సినిమా ప్రింట్ కూడా మిగల్లేదు. తెర మీద ఆమె ముఖం ఎలా ఉండేదో చూసే దారే లేదు. ఆమెను మరిచిపోనివ్వకుండా 2019లో కేరళలో సినిమా ఆడవాళ్లు ఆమె పేరుతో ఫిల్మ్ సొసైటీ పెట్టారు. మళ్లీ చావకుండా ఆపడమంటే అదీ.

కోకో తీసినవాళ్లేం పత్తిత్తులు కాదు. 2013లో డిస్నీ ఆ మృతుల పండుగ పేరునే ట్రేడ్‌మార్క్ చేసుకోబోయింది. జనం తిరగబడ్డాకే వెనక్కి తగ్గింది. పాట దొంగ కథ చెప్పేవాడి జేబు కూడా తడిమి చూడాలి.

సినిమా స్టార్ కావాలనుకునే మన పిల్లలకు 'కలలు కను' అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. నీకంటే ముందు పాడినవాళ్లున్నారు, వాళ్ల పేర్లు కొట్టేశారు అని కూడా చెప్పాలి. లేకపోతే వాళ్లు మిగెల్ లాగే దొంగ ఫోటోకు దండం పెడతారు.

వచ్చే ఆదివారానికి మా పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఇంట్లో డప్పు కొట్టిన తాత పేరు, పాట కట్టిన అవ్వ పేరు అడిగి రాసుకు రమ్మన్నాను. ఫోటో లేకున్నా ఫర్వాలేదు. మీరూ కింద రాయండి.

జై భీమ్.