పెరటి కొబ్బరి: పసుపెక్కిన మట్ట చెప్పే సంగతి

దింపు తీసే మనిషి చెట్టు దిగి, కత్తి మొలలో దోపుకొని, "అడుగు మట్టలు పండిపోయాయండీ, కొట్టేయమంటారా?" అని అడుగుతాడు. ఇంటివారు పైకి చూస్తారు. పసుపు, నారింజ కలిసిన రంగులో అరడజను మట్టలు వ్రేలాడుతూ ఉంటాయి. అందంగా లేవు గనుక సరేనంటారు. మరుసటి ఏడు మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. నాలుగైదేళ్ళు గడిచేసరికి తల పలచబడి, పిందె నిలవక, కాండం పైకి పోనుపోను సన్నబడి, చెట్టు చెక్కిన పెన్సిలులా కనిపించసాగుతుంది. తెగులు తగిలిందనుకుంటారు. తగిలింది తెగులు కాదు, ఆకలి. దానికి తోడు ఏటేటా నోటి దగ్గరి కూడు తీసివేయడం.

కోనసీమలో కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకుగా చెప్పుకుంటారు. ఆ కొడుకు మితంగా తినేవాడు మాత్రం కాడు. కొబ్బరి అన్నిటికంటె ఎక్కువగా కోరేది పొటాషియం. నేలలో అది చాలనప్పుడు చెట్టు తన ముసలి మట్టలలో ఉన్నదానిని వెనక్కు లాగి కొత్త ఆకులకు పంపుతుంది. అడుగు మట్ట పండడానికి కారణమిదే. పూర్తిగా ఎండకముందే దానిని నరికితే, ఇంకా అందులో మిగిలిన నిల్వ చెట్టుకు దక్కదు. అప్పుడది పై వరుస మట్టలనుంచి లాగడం మొదలుపెడుతుంది. శుభ్రత పేరిట చేసే పని చెట్టును మరింత త్వరగా క్షీణింపజేస్తుంది. గోధుమరంగుకు తిరిగి పూర్తిగా ఎండిన మట్టనే తీయాలి.

లోపం ఏదో తెలుసుకోవడానికి మొదట చూడవలసింది రంగు కాదు, స్థానం. జబ్బు అడుగు మట్టల్లో ఉన్నదా, మొవ్వులోని లేత ఆకుల్లో ఉన్నదా? అడుగున ఉంటే పొటాషియమో, మెగ్నీషియమో కొరవడినట్లు. పొటాషియం తగ్గినప్పుడు ఆకులపై నారింజ ఛాయ గల చుక్కలు పడి, కొసలు మాడిపోతాయి. మట్ట చివర ఎక్కువగాను, మొదలు వైపు తక్కువగాను ఈ మాడు కనిపిస్తుంది. మెగ్నీషియం తగ్గితే అంచుల వెంట వెడల్పాటి నిమ్మపసుపు పట్టీ ఏర్పడుతుంది గాని నడుమ ఆకుపచ్చ అలాగే నిలుస్తుంది. చెట్టు మొత్తం వెలవెలబోయి ఉంటే నత్రజని చాలలేదన్నమాట.

లేత ఆకుల్లో కనిపించేది మరింత ప్రమాదకరం. వేపకో చింతకో కొమ్మ పోతే మరో కొమ్మ వస్తుంది. కొబ్బరికి ఉన్నది ఒకే మొవ్వు. అది చస్తే చెట్టు లేదు. బోరాన్ కొరవడినప్పుడు కొత్త ఆకులు పొట్టిపడి, ముడతలు పడి, ఒకదానికొకటి అతుక్కొని, కొసలు కొక్కెంలా వంగుతాయి. దీనికి బోరాక్స్ మందే. అయితే అవసరానికి మించితే అదే విషం. ఒక్కసారికి 50 గ్రాములు మించకుండా, తడి పాదులో చల్లి, వచ్చే ఆకులను చూసిన మీదటనే మళ్ళీ ఆలోచించాలి. కొత్త ఆకులు సన్నబడి, చారలు దేలి, కాలినట్లు వస్తే మాంగనీసు లోపమని అనుమానించాలి. సున్నపు నేలల్లో, ఇల్లు కట్టిన తరువాత గోడపెళ్ళలు, సిమెంటు రద్దు పూడ్చిన పెరళ్ళలో ఇది వస్తుంది. నగరాల్లో గేటుకు ఇరువైపులా ముచ్చటపడి నాటుకునే రాయల్ పామ్ చెట్లకూ ఈ బాధ తప్పదు. ఇక ఇనుము లోపానికి కారణం చాలాసార్లు నేలలో ఇనుము లేకపోవడం కాదు. మరీ లోతుగా నాటడమో, నీరు నిలిచి వేరుకు ఊపిరాడకపోవడమో. అక్కడ మందుకన్న ముందు నీటికాలువ తీయాలి.

కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధనా సంస్థ సిఫారసు ప్రకారం ఎదిగిన చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ కావాలి. అంగడి లెక్కలో చెప్పాలంటే దాదాపు 1 కిలో 100 గ్రాముల యూరియా, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్. దీనిలో మూడో వంతు తొలకరికి, తక్కినది వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇవ్వాలి. రెండో ఏటి మొక్కకు ఈ మొత్తంలో మూడో వంతు, మూడో ఏట మూడింట రెండు వంతులు చాలు. మెగ్నీషియం లోపమున్నచోట అర కిలో మెగ్నీషియం సల్ఫేట్ జతచేయాలి. పొటాష్ ఒక్కటే గుప్పిస్తే మెగ్నీషియం కొరత బయటపడుతుంది. పచ్చిక బాగా ఎదగాలని నత్రజని ఒక్కటే చల్లే తోటల్లో, ఆ పక్కనున్న పామ్ చెట్లు పొటాషియం లేక పండిపోవడమూ ఇటువంటిదే.

ఎరువును మొదట్లో కుప్పగా పోయడం చాలామంది చేసే పొరపాటు. చెట్టుచుట్టూ దాదాపు 2 మీటర్ల మేర పాదు చేసి, అంతటా చల్లి, మట్టి కప్పి, నీరు పెట్టాలి. గెత్తమో, పాదులోనే పెంచి కలియదున్నిన జనుమో తోడైతే ఇసుకనేలల్లో ఎరువు వానకు కొట్టుకుపోదు. కాయతో చెట్టు పోగొట్టుకునే పొటాషియంలో పెద్దభాగం డొక్కలోనే ఉంటుంది. ఆ డొక్కలను పొయ్యిలో పెట్టి, బూడిదను వీధిలో పారబోసి, ఆపైన పొటాష్ బస్తా కొనుక్కునే ఇళ్ళు ఎన్నో! పూర్వం పెద్దలు పొయ్యిబూడిదను పెరటి పాదుల్లో పోసేవారు. డొక్కలను బోర్లించి పాదులో పరచినా తేమ నిలుస్తుంది, పొటాషూ తిరిగి నేలకు చేరుతుంది.

అన్ని పసుపులూ ఆకలి పసుపులు కావు. కాండం మొదట్లో గోధుమరంగు బంక కారితే గానోడెర్మా తెగులు. మొవ్వు లాగగానే ఊడివచ్చి దుర్వాసన కొడితే మొవ్వుకుళ్ళు. 2016లో మన దేశంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ ఆకులపై నల్లని మసి పేరుస్తుంది. వీటికి ఎరువు చికిత్స కాదు. ఉద్యానశాఖవారికి వెంటనే చూపించాలి.

ఎరువు వేసిన నెలకే ఫలితం వెదికేవారు నిరాశపడతారు. చుక్కలు పడిన మట్ట మళ్ళీ పచ్చబడదు. పూగుత్తి బయటికి రావడానికి సుమారు రెండున్నరేళ్ళ ముందే మొవ్వులో రూపుకడుతుంది. ఆ తరువాత కాయ ముదరడానికి మరో ఏడాది. కనుక ఎరువు వేసిననాడు, దింపు తీసే మనిషిచేత అప్పుడే విప్పారిన మట్ట మొదట్లో రంగుతో ఒక గుర్తు పెట్టించడం మంచిది. చెట్టు నెలకు దాదాపు ఒక మట్ట వేస్తుంది. ఏడాది తిరిగేసరికి గుర్తుకు పైన పన్నెండు మట్టలుంటాయి. వాటి రంగునే చూడాలి. క్రిందివి ఎండి రాలేవరకు కత్తికి పని చెప్పకూడదు.