బరిలోకి దిగకముందే నంబర్ వన్!

కోలారు కావచ్చు, హోసూరు కావచ్చు, బళ్ళారి, బరంపురం కావచ్చు. అమెరికాలో చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఆగస్టు నెలాఖరుకి ఒక మార్పు కనిపిస్తుంది. శనివారం రాత్రి ఫోన్ చేస్తే 'ఇవాళ ఆట ఉందమ్మా, రేపు మాట్లాడతా' అని పెట్టేస్తారు. వెనక తిరునాళ్ళలో ఉన్నంత గోల. ఏం ఆటరా అంటే ఫుట్‌బాల్ అంటారు.

మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. వంద గజాల మైదానం, జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు వెళ్ళాలి. వెళ్తే ఇంకో నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్ళ చేతికి పోతుంది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, అంటే 6 పాయింట్లు. గీత, తోపులాట, పట్టు. కబడ్డీ చూసినవాళ్ళకి సగం ఆట అర్థమైనట్టే.

వింత ఏమిటంటే ఇవి కాలేజీ జట్లు. మన దగ్గర కాలేజీ జట్టు ఆట చూడటానికి ఆ కాలేజీ పిల్లలే రారు. అక్కడ ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. లీగ్ దశలో ఒక్కో జట్టుకు ఉండేవి 12 ఆటలే. అందుకే మొదటి ఆటకు నెలల ముందు నుంచే అభిమానులు లెక్కలు మొదలుపెడతారు. ఎవడు ఉన్నాడు, ఎవడు పోయాడు, కొత్తగా ఎవడొచ్చాడు, ఈసారి కప్పు వస్తుందా రాదా. బెంగళూరు జట్టు కోసం ఏళ్ళ తరబడి 'ఈ సలా కప్ నమ్దే' అంటూ గడిపిన కోలారు, బళ్ళారి కుర్రాళ్ళకి ఈ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆట తెలియని మనకెందుకీ గొడవ అంటారా? ఆ లెక్కల్లో మన జేబు కూడా ఉంది. దాని సంగతి తర్వాత. ముందు ఆ లెక్కలు ఎంత నిలబడతాయో చూద్దాం.

వారసుడి మొదటి ఆట

2025 సీజన్‌నే తీసుకోండి. ఆగస్టు 11న అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ర్యాంకులు ప్రకటించింది. అప్పటికి ఒక్క ఆట కూడా మొదలవలేదు. ఓట్లు వేసింది 65 మంది విలేఖరులు, అంటే మా వృత్తివాళ్ళే. వాళ్ళలో 25 మంది టెక్సాస్ విశ్వవిద్యాలయానికి మొదటి స్థానం ఇచ్చారు. 23 మంది పెన్ స్టేట్ అన్నారు. సీజన్‌కు ముందు ర్యాంకుల్లో టెక్సాస్ ఒకటో స్థానంలో నిలవడం దాని చరిత్రలోనే మొదటిసారి.

అభిమానుల ధీమాకి కారణం ముఖ్యంగా ఒక్క కుర్రాడు. ఆర్చ్ మానింగ్. బంతిని ఎటు విసరాలో, ఎవరికివ్వాలో నిర్ణయించే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆర్చ్ తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ ఆ స్థానంలో పేరుమోసినవాళ్ళే. మన దగ్గర పెద్ద హీరో కుటుంబం నుంచి వారసుడు దిగుతుంటే మొదటి సినిమా విడుదలకు ముందే బెనిఫిట్ షో టికెట్లు ఎలా పోతాయో, ఆస్టిన్‌లో వాతావరణం అలా ఉండింది. అంతకు ముందు సీజన్‌లో ఆ కుర్రాడు మొదటి నుంచి ఆడినవి రెండే ఆటలు. ఆ సంగతి ఎవరికి కావాలి!

నిజానికి చూడాల్సింది వేరే చోట ఉంది. క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. ఒక్కొక్కడు 140 కిలోల దాకా ఉంటాడు. వాళ్ళు బంతి విసరరు, పట్టరు, వాళ్ళ పేర్లు ఎవరూ బనియన్ల మీద వేయించుకోరు. అవతలివాళ్ళు మీదపడకుండా మూడు నాలుగు సెకన్లు ఆపడమే వాళ్ళ పని. ఆ మూడు సెకన్లు లేకపోతే ఏ వారసుడైనా నేల కరవాల్సిందే. టెక్సాస్‌లో 2024లో ఆడిన ఆ ఐదుగురిలో నలుగురు 2025కి లేరు. ఆ ఏడాది ప్రొఫెషనల్ జట్ల ఎంపికలో టెక్సాస్ నుంచి మొత్తం 12 మంది వెళ్ళిపోయారు. కొత్త నలుగురు ఒకరి అడుగు ఒకరికి తెలియాలంటే వారాలు పడుతుంది. ఇంటి పునాది చూడకుండా గుమ్మానికి వేసిన రంగు చూసి బేరం చేసినట్టయింది వ్యవహారం.

2025 ఆగస్టు 30, శనివారం, మనకు రాత్రి తొమ్మిదిన్నర. ఒహాయో స్టేట్ సొంత మైదానం. అది అంతకుముందు జనవరిలోనే దేశ విజేత అయిన జట్టు. అయితే వాళ్ళూ 14 మందిని పోగొట్టుకున్నారు, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సయిన్‌కీ అదే తొలి పరీక్ష. ఫలితం ఒహాయో స్టేట్ 14, టెక్సాస్ 7. మూడో భాగంలో టెక్సాస్ చివరి గీతకు ఒక్క గజం దూరంలో, నాలుగో ప్రయత్నంలో, మానింగే బంతి పట్టుకుని దూరబోయాడు. ముందున్న గోడ కదల్లేదు. మొత్తం మీద ఎక్కువ గజాలు సాధించింది టెక్సాసే అయినా, కావాల్సిన ఆ ఒక్క గజం దొరకలేదు.

ఆ తర్వాత జరిగింది చూస్తే అభిమానుల మీద జాలేస్తుంది. ఆగస్టులో నెత్తిన పెట్టుకున్నవాళ్ళే సెప్టెంబరులో వీడు పనికిరాడన్నారు. అక్టోబరు 4న ఫ్లోరిడా చేతిలో 29-21 తేడాతో ఓడేసరికి ఒకటో నంబర్ జట్టు మొదటి పాతిక ర్యాంకుల్లోనే లేకుండా పోయింది. తీరా నవంబరు చివర్లో, అప్పటిదాకా ఓటమి ఎరుగని టెక్సాస్ ఏ అండ్ ఎంని 27-17తో ఓడించిందీ ఆ జట్టే, ఆ కుర్రాడే. ఆగస్టు కొలతా తప్పే, సెప్టెంబరు కొలతా తప్పే. రెండో ర్యాంకు పెన్ స్టేట్ సంగతి అడగనే అక్కర్లేదు. అక్టోబరు సగం కాకుండానే కోచ్‌ని పంపేశారు.

తొలి ఆట అబద్ధమూ చెప్తుంది, తీర్పూ చెప్తుంది

సరే, ర్యాంకులు నమ్మొద్దు, మొదటి ఆట చూసి జట్టును అంచనా వేద్దాం అనుకుంటారు కొందరు. అదీ కుదరదు. అదే ఆగస్టు 30న ఎనిమిదో ర్యాంకు అలబామా వెళ్ళి ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31-17తో ఓడింది. ఫ్లోరిడా స్టేట్ అంతకు ముందు ఏడాది 12 ఆటల్లో 10 ఓడిన జట్టు. అలబామా పని అయిపోయిందన్నారు, ఫ్లోరిడా స్టేట్ లేచిందన్నారు. సీజన్ అయ్యేసరికి అలబామా చివరి 12 జట్లలో నిలిచింది. ఫ్లోరిడా స్టేట్ 5 గెలిచి 7 ఓడింది.

అలాగని మొదటి ఆటకు విలువ లేదనీ అనలేం. ఆ మర్నాడు, ఆగస్టు 31న, మయామీ సొంతగడ్డ మీద నోటర్ డేమ్‌ని 27-24తో ఓడించింది. ఇంకా నిమిషం మిగిలి ఉండగా కాలితో తన్నిన బంతి తెచ్చిన మూడు పాయింట్ల తేడా అది. మూడు నెలలు గడిచాయి. రెండు జట్లూ చెరో 10 గెలిచి రెండు ఓడాయి. 2024 నుంచి టైటిల్ పోరుకు 12 జట్లను తీసుకుంటున్నారు, ఎంపిక చేసేది ఒక కమిటీ. డిసెంబరు 7న ఆ కమిటీ మయామీని లోపలికి పిలిచి నోటర్ డేమ్‌ని గడప దగ్గరే ఆపేసింది. ఎప్పుడో ఎండాకాలంలో ఆడిన ఆట అప్పుడు లెక్కకొచ్చింది. మయామీ ఏకంగా ఫైనల్ దాకా వెళ్ళింది.

టెక్సాస్ వాదన దీనికి రెండో వైపు. 9 గెలిచి 3 ఓడి బయటే మిగిలింది. గట్టివాళ్ళతో ఆడినందుకా మాకీ శిక్ష అన్నది కోచ్ స్టీవ్ సార్కిసియన్ బాధ. ఒహాయోకి వెళ్ళకుండా ఇంట్లో ఎవరో చిన్న జట్టుతో ఆడి ఉంటే 10 గెలుపులు ఉండేవి కదా అని. మాటలో న్యాయం కొంత ఉంది, మొత్తం లేదు. ఆ ఏడాది 4 గెలిచి 8 ఓడిన ఫ్లోరిడా చేతిలో ఎందుకు ఓడారు మరి? ఆ ప్రశ్నకు ఒహాయో మీద నెపం పెట్టలేం. కానీ ఈ వాదన ఒక్కటి చేస్తుంది. పెద్ద జట్లు తొలి ఆటలకు చిన్న జట్లనే వెతుక్కుంటాయి. అప్పుడు డబ్బు పోసి టికెట్టు కొన్నవాడికి మిగిలేది ఏకపక్షపు ఆట.

ఇరవయ్యో ర్యాంకులో విజేత

ఇంతకీ ఆ సీజన్ గెలిచింది ఎవరు? ఇండియానా. ఆగస్టు ర్యాంకుల్లో 20వ స్థానం. ఆ సీజన్ మొదలయ్యేనాటికి పెద్ద జట్లన్నిటిలోకీ చరిత్రలో అత్యధిక ఓటములు మూటగట్టుకున్న విశ్వవిద్యాలయం. 2023లో 12 ఆటల్లో 9 ఓడింది. 2025 తొలి ఆటలో ఓల్డ్ డొమినియన్ అనే చిన్న జట్టు మీద 27-14తో గెలిచింది. ఆ ఆట చూసి వీళ్ళే విజేతలు అని ఎవరైనా అని ఉంటే పిచ్చివాడనేవాళ్ళు. 2026 జనవరి 19న ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి, 16కి 16 గెలిచి కప్పు ఎత్తింది.

ఎలా గెలిచిందన్నది ఆలోచించాల్సిన సంగతి. ఇప్పుడు కాలేజీ ఆటగాళ్ళు ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి ఇష్టం వచ్చినట్టు మారొచ్చు. పేరు, బొమ్మ వాడుకుని సంపాదించుకోవడానికి 2021 జులైలో అనుమతి వచ్చింది. 2025 జూన్ 6న ఒక కోర్టు ఆమోదించిన రాజీతో విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్ళకు డబ్బు ఇవ్వొచ్చన్నారు. మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయం అన్ని క్రీడలకూ కలిపి ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. మన ఐపీఎల్ వేలం లాంటిదే, కానీ ప్రతి శీతాకాలం ఉంటుంది.

ఇండియానా కూడా ఆటగాళ్ళను బయటి నుంచే తెచ్చుకుంది. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా నుంచి వచ్చి, ఆ ఏడాదే దేశంలో ఉత్తమ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ తీసుకున్నాడు. కానీ అసలు కిటుకు వేరు. కోచ్ కర్ట్ సిగ్నెటి అంతకు ముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి తన పాత కుర్రాళ్ళను వెంట తెచ్చుకున్నాడు. ఏడెన్ ఫిషర్, ఎలైజా సరాట్, మికైల్ కమారా, డియాంజెలో పాండ్స్ అలా వచ్చినవాళ్ళే. తెచ్చుకున్నవాళ్ళే అయినా కలిసి ఆడినవాళ్ళు, ఒకే కోచ్ కింద పెరిగినవాళ్ళు. ర్యాంకులు వేసిన మా విలేఖరులు పేర్లు చూశారు, పొందిక చూడలేదు.

అభిమానికి జరిగిన నష్టం కూడా ఇక్కడే ఉంది. ఒకప్పుడు కుర్రాడు పద్దెనిమిదేళ్ళప్పుడు వస్తే ఇరవై రెండేళ్ళ దాకా వాణ్ణి చూసేవాళ్ళు. వాడి ఎడమ కాలి బలహీనత కూడా తెలిసేది. ఇప్పుడు ఆగస్టులో జాబితా పట్టుకుంటే సగం పేర్లు కొత్తవి. ఎవరో తెలియని జట్టును అంచనా వేయమంటే ఎవరైనా పేరున్నవాడినే పట్టుకుంటారు. తప్పు పూర్తిగా వాళ్ళది కాదు.

ఫీజు రసీదులో ఆట

ఈ డబ్బంతా ఎక్కణ్ణుంచి వస్తుంది? టీవీ హక్కులు, దాతలు, టికెట్లు. టెనెసీ విశ్వవిద్యాలయం 2025 టికెట్ల మీద పది శాతం 'ప్రతిభ రుసుము' అని నేరుగా పేరు పెట్టి మరీ వేసింది. క్లెమ్సన్ విశ్వవిద్యాలయం ఇంకో అడుగు వేసి 2025 ఆగస్టు నుంచి విద్యార్థుల మీద సెమిస్టర్‌కు 150 డాలర్ల క్రీడా ఫీజు పెట్టింది. ఆ క్లెమ్సన్ ఆగస్టు ర్యాంకుల్లో నాలుగో స్థానంలో ఉంది. తొలి ఆటలోనే ఎల్‌ఎస్‌యూ చేతిలో సొంత మైదానంలో 17-10తో ఓడి, లీగ్ దశ ముగిసేసరికి 7 గెలుపులు, 5 ఓటములతో మిగిలింది. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని పిల్లల్ని పంపిన ఇళ్ళకి 150 డాలర్లు చిన్న మాట కాదు. పిల్లలు సంతోషంగా కేకలు వేసి రావడాన్ని తప్పుపట్టక్కర్లేదు, పరాయి ఊళ్ళో ఒంటరితనం పోగొట్టే ఆట అది. కానీ ఆ కేక ఖరీదు ఇంట్లో తెలిసి ఉండాలి.

పాత ఒప్పందం ప్రకారం ఒహాయో స్టేట్ తిరిగి ఆస్టిన్‌కి రావాల్సిన తేదీ 2026 సెప్టెంబరు 12. టెక్సాస్ ఆడే లీగ్‌లో 2026 నుంచి లోపలి ఆటలే ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంచారు కాబట్టి, బయట గట్టి జట్టుతో ఆడటం అవసరమా అన్న గొణుగుడు ఇంకా పెరుగుతుంది. మీ పిల్లాడు ఫోన్లో జట్టు గురించి మొదలుపెడితే క్వార్టర్‌బ్యాక్ ఎవరని అడక్కండి. వాడి ముందు నిలబడే ఐదుగురిలో పాతవాళ్ళు ఎంతమందో అడగండి. పనిలో పనిగా, ఈ సెమిస్టర్ ఫీజు రసీదులో క్రీడల పేరుతో ఎంత పడిందో కూడా కనుక్కోండి.