పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు...

అమెరికాలో కుదురుకుని, ఆఫీసుకి ఒకటి, సరదాకి ఒకటి అని రెండో కారు కొనుక్కునే మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళతో నాకో పేచీ ఉంది. సరదా కారంటే ఏ పాత హోండానో, మాజ్డానో. కొన్న మూడో నెల్లో దాని ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఊడదీసి, పొట్టి రన్నర్లూ పెద్ద ప్లీనమూ ఉన్న మెరిసే అల్యూమినియంది తెచ్చి బిగిస్తారు. ఎందుకయ్యా అంటే "డైనోలో పదిహేను హార్స్‌పవర్ ఎక్కువొచ్చింది" అంటారు. ఎక్కడొచ్చింది? 7,800 ఆర్పీఎం దగ్గర. నువ్వు రోజూ తిరిగేదెక్కడ? 2,500కీ 4,000కీ మధ్య. ఎవరైనా పీక్ త్రూపుట్ ఒక్కటే చూపించి డేటాబేస్ అమ్మబోతే ఇదే మనిషి మీటింగులోనే వాణ్ణి ఉతికి ఆరేస్తాడు. కారు దగ్గరికొచ్చేసరికి ఆ బుర్ర ఏమవుతుందో మరి!

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. థ్రాటిల్ దాటిన గాలి ముందు చేరే డబ్బా ప్లీనమ్. అక్కణ్ణించి ఒక్కో సిలిండరుకీ వెళ్ళే గొట్టం రన్నర్. రెండూ కలిస్తే మానిఫోల్డ్. పిస్టన్ దిగుతూ గాలిని లాగినప్పుడు ఒక తరంగం గొట్టంలో వెనక్కి పరిగెత్తి, ప్లీనమ్ దగ్గర తిరగబడి, మళ్ళీ వాల్వు దగ్గరికొస్తుంది. వాల్వు మూసుకోబోయే ముందు వచ్చిందా, ఇంకాస్త గాలిని లోపలికి తోస్తుంది. టర్బో లేని ఇంజనుకి ఊరికే దొరికే బూస్టు ఇది.

ఈ తరంగం వెళ్ళేది ధ్వని వేగంతో, సెకనుకి సుమారు 340 మీటర్లు. వాల్వు దాకా దారి 40 సెంటీమీటర్లనుకోండి, రానూపోనూ 80. అంటే 2.35 మిల్లీసెకన్లు. ఆ కాస్తలో క్రాంక్ 6,000 ఆర్పీఎం దగ్గర 85 డిగ్రీలు తిరుగుతుంది, 3,000 దగ్గరైతే 42. వాల్వు నడిచేది డిగ్రీల లెక్కన, తరంగం నడిచేది మిల్లీసెకన్ల లెక్కన. అందుకే ఒక పొడవు అన్ని వేగాలకీ అచ్చిరాదు. పొడుగు గొట్టం కింది ఆర్పీఎంకి, పొట్టిది పైదానికి.

ఇదేం కొత్త సంగతి కాదు. క్రైస్లర్ 1960లోనే తన 300ఎఫ్ కారుకి 30 అంగుళాల రన్నర్లు పెట్టింది. 413 క్యూబిక్ అంగుళాల వి8, టార్క్ 2,800 ఆర్పీఎం దగ్గరే శిఖరానికి చేరేది. అదే కారుకి ఇంకో ఇంజను కూడా ఇచ్చారు. దాని రన్నర్ల లోపలి గోడ కోసేసి పొడవు సగం చేశారు. హార్స్‌పవర్ 375 నుంచి 400 అయింది. టార్క్ మాత్రం 495 పౌండ్-అడుగుల నుంచి 465కి పడి, శిఖరం 3,600కి జరిగింది. (మిగతా మార్పులూ ఉన్నాయి లెండి, అయినా దిశ తెలుస్తోంది కదా.) 1991లో లె మాన్స్ గెలిచిన మాజ్డా 787బి అయితే ఈ గొడవంతా లేకుండా గొట్టాలే పరిగెడుతూ పొడుగూ పొట్టీ అయ్యేట్టు చేసుకుంది. మనవాడు మాజ్డా పేరు చెప్పి ఒకే పొడవున్న పొట్టి గొట్టం కొంటాడు!

ఇక టర్బో వర్గం. వీళ్ళ వాదన ఇంకా ఘనం: "టర్బో ఎలాగూ తోస్తుంది కదా, గొట్టం ఎంతుంటే ఏం?" ఎంసెట్‌కి ఫిజిక్సు బట్టీపట్టిన మనిషేనా ఈ మాటనేది! గాలిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది, పీడనాన్ని బట్టి కాదు. 20 డిగ్రీల దగ్గర 343 మీటర్లు, 60 డిగ్రీల దగ్గర 366. తేడా ఏడు శాతం. బూస్టు పెట్టినా తరంగం ఇంచుమించు అదే లెక్కన నడుస్తుంది. ఫార్ములా వన్‌లో 2014లో టర్బోలు తిరిగొచ్చాయి, 2015లో పొడవు మారే ఇన్‌టేకులకి అనుమతిచ్చారు. పొడవుతో పనే లేకపోతే దాన్ని అనుమతించడమెందుకు, వాళ్ళు కష్టపడి తయారు చేసుకోవడమెందుకు?

టర్బో ఉన్నవాడికి ఒక వెసులుబాటుంది, కాదనను. పైన తగ్గిన గాలిని రెండు పీఎస్ఐ పెంచి రాబట్టుకోవచ్చు. మరి అలాంటప్పుడు పొట్టి గొట్టం దేనికి? పొడుగు గొట్టంతో కింద గాలి బాగా నిండుతుంది, ఎగ్జాస్టు పెరుగుతుంది, టర్బో త్వరగా లేస్తుంది. పెద్ద టర్బోకి పొట్టి రన్నర్లు జోడిస్తే సిగ్నల్ దగ్గర రెండింటి కోసమూ ఎదురుచూడాలి.

నన్ను నిజంగా భయపెట్టేది మాత్రం పంపకం. చవక మానిఫోల్డుల్లో థ్రాటిల్ ఒక చివర ఉంటుంది. గాలి ఆ ఊపులో మొదటి గొట్టాలు దాటిపోయి చివరి సిలిండర్లో ఎక్కువ నిండొచ్చు. ఇంజెక్టర్లు మాత్రం నాలుగింటికీ ఒకే కొలత పోస్తాయి. మూడు సిలిండర్లు 11.5 దగ్గర, నాలుగోది 13 దగ్గర నడుస్తున్నా, ఎగ్జాస్టులో వైడ్‌బ్యాండ్ సెన్సర్ చూపించేది దాదాపు 11.9. ట్యూనర్ "సేఫ్" అంటాడు. సగటు బాగుంటే సర్వర్లన్నీ బాగున్నట్టేనని మీ మేనేజరంటే ఊరుకుంటారా? టర్బో లేని ఇంజన్లో ఈ తేడాకి కాస్త పవర్ పోతుంది. బూస్టులో అయితే ఆ ఒక్క సిలిండరు నాక్ అయి పిస్టన్ పోతుంది. కాబట్టి టర్బోకి మానిఫోల్డ్ ఎంచేటప్పుడు ముందు అడగాల్సింది నాలుగింటికీ గాలి సమానంగా అందుతుందా అని, ఆ తర్వాత ఒత్తిడికి అతుకులు ఆగుతాయా అని. హార్స్‌పవర్ చివరిది.

క్యామ్ మార్చి, రెడ్‌లైన్ పెంచి, ట్రాకు మీద 6,000కి తగ్గకుండా నడిపేవాళ్ళు పొట్టి రన్నర్లు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మిగతావాళ్ళు అమ్మేవాణ్ణి 2,500 నుంచి 5,000 దాకా టార్క్ గీత చూపించమనండి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళయితే ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన మినహాయింపు నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే స్మాగ్ తనిఖీలో తిప్పి పంపిస్తారు. ఏం కొన్నా సరే, పాత మానిఫోల్డ్ మాత్రం అమ్మేయకండి. గరాజులో ఓ మూల పెట్టుకోండి.