రెండు పళ్ళేల్లో ఎప్పుడు తిన్నాం?

మా వెనుకబాటును 2006లో సచార్ కమిటీ లెక్కగట్టింది. 2009లో మౌలానా ఆజాద్ ఫెలోషిప్ వచ్చింది. బీడీలు చుట్టే అమ్మీల పిల్లలం పీహెచ్‌డీ గడప తొక్కాం. 2022 డిసెంబర్‌లో లోక్‌సభలో చెప్పేశారు: ఇక లేదు! వేరే ఫెలోషిప్పులూ ఉన్నాయి కదా అట. ఒకరికి ఒకటే అన్న నిబంధన ముందునుంచీ ఉంది. మేం రెండు పళ్ళేల్లో ఎప్పుడు తిన్నాం? (సిక్కులకూ, క్రైస్తవులకూ, బౌద్ధులకూ పోయింది. ఏడుపు మాత్రం మా పేరు మీదే.) అప్పటికే చేరినవాళ్ళకు ఆపమన్నారు; ఆ డబ్బూ నెలల తరబడి రాలేదు. మెస్ బాకీకి భయపడి గదిలో ముడుచుకుంటే, మనసు బాగోలేదేమో, కౌన్సెలింగ్‌కు వెళ్ళమంటారు. మాది ఆకలయ్యా! ఇంటికి ఫోన్ చేస్తే అమ్మీ అడుగుతుంది: "బేటా, నీ చదువు ఇంకా అవలేదా?" ఏం చెప్పమంటారు?